మేడమ్ గారి చెట్లు, నా సైరను

ఇరవై ఎనిమిదేళ్ళపాటు నేను జనాల ఇళ్ళకు అలారాలు బిగించాను. దొంగ వస్తే మోగేవి, పొగ వస్తే మోగేవి, రెండింటికీ కలిపి మోగేవి. ఏదీ రాకపోయినా మోగేవి కూడా తక్కువేం బిగించలేదు. ఆ సంగతి అప్పట్లో ఒప్పుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు రిటైరయ్యాను, పోయేదేముంది, ఒప్పుకుంటున్నాను.

మీరంతా ఇప్పుడు ఆఫీసులో కూర్చుని ఫోన్లో మీ ఇంటి గుమ్మం చూసుకుంటున్నారు. కొరియర్ వాడొస్తే అక్కణ్ణుంచే మాట్లాడుతున్నారు. చూస్తుంటే ముచ్చటేస్తుంది, కొంచెం కుళ్ళు కూడా. మా రోజుల్లో అలారానికి వచ్చిన విద్య ఒక్కటే, అరవడం. ఎందుకు అరుస్తున్నదో చెప్పలేదు. ఫలానా వాళ్ళు రండి అని పిలవలేదు. ఆ అరుపు విని ఎవరో ఒకరు రావాలి, వస్తారో రారో మా చేతిలో ఉండేది కాదు. ఈ ముక్క నాకు ఏ ట్రైనింగ్‌లోనూ ఎవరూ చెప్పలేదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక మేడమ్ గారింట్లో, ఒక వానాకాలం ఆదివారం నాడు నేర్చుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లోకెల్లా పెద్ద తప్పు ఆ ఇంట్లోనే చేశాను. అయినా ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ నాకు సంతోషమే.

తొంభైల నడిమి సంగతి. తార్నాక చౌరస్తాకు దగ్గర్లో మా దుకాణం. దుకాణమంటే ముందు ఒక గది, వెనక ఒక గది. ముందు గదిలో మా సేటు కూర్చునేవాడు. ఎవరైనా గిరాకీ రాగానే అగరుబత్తి వెలిగించి గోడకున్న పొగ డబ్బా కింద పట్టేవాడు. అది చెవులు చిల్లులు పడేలా మోగేది. పక్కనున్న మందుల షాపాయన రోజూ తిట్టేవాడు. సేటు నవ్వుతూ, "మోగాలె భాయ్. మోగకపోతే బేరం పోతది" అనేవాడు. ఇల్లు చూసి రావడం, వైర్లు లాగడం, తర్వాత వచ్చే తిట్లు తినడం నా పని.

ఒక జూన్ మధ్యాహ్నం బాటనీ మేడమ్ వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. చేనేత చీర, కాళ్ళకు కాన్వాసు బూట్లు, భుజాన గుడ్డ సంచి. సేటు అగరుబత్తి వెలిగించబోతుంటే చేత్తో ఆపింది.

"మోగుతదని తెలుసు. కాయితాన్ని కాపాడుతదా, అది చెప్పున్రి."

"బంగారమైనా కాయితమైనా మాకొకటే మేడమ్" అన్నాడు సేటు.

"నాకు బంగారం లేదు. బీరువ నిండ చెట్లున్నయి" అందామె.

సేటు నావైపు చూశాడు. నేను సేటు వైపు చూశాను. అప్పుడామె కూర్చుని చెప్పింది. పదకొండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా ఊళ్ళమీద తిరుగుతున్నదట. పొలం గట్టు మీదా అడవిలోనూ మొలిచే మొక్కల్ని ఏ ఊళ్ళో ఏ పేరుతో పిలుస్తారు, దేనికి వాడతారు అని ముసలివాళ్ళను అడగడం, ఒక్కో మొక్కకు ఒక్కో అట్టకార్డు తయారు చేయడం. కార్డు మీద మొక్క బొమ్మ, దాని కింద పేర్లు, అన్నిటికంటే కింద 'చెప్పినవారు' అని ఒక గడి. చెప్పిన మనిషి పేరూ ఊరూ అందులో రాయాలి. ఆ కార్డులన్నీ బూట్ల డబ్బాల్లో సర్ది పెట్టింది. కిందటేడు వాళ్ళ డిపార్ట్‌మెంట్ స్టోర్ రూములో వైర్లు కాలి, ఎండబెట్టిన మొక్కల కట్టలు బూడిదయ్యాయి. అదృష్టవశాత్తూ ఈ కార్డులు మొదట్నుంచీ ఇంట్లోనే ఉండేవి. అప్పట్నుంచీ ఇంట్లో ఉన్నవాటికీ భయపడుతోంది.

"ఆగస్టుల ఆదిలాబాద్ దిక్కు పోవాలె, ఆరు వారాలు. ఇంట్ల ఎవ్వరుండరు. ఈ పేర్లు చెప్పిన ముసలమ్మలల్ల సగం మంది పోయిన్రు తమ్మీ. ఇవి కాలిపోతే మళ్ల ఎవర్ని అడగాలె?"

అప్పటికి నాకు ముప్పై దాటాయి, ఆవేశం ఎక్కువ. సేటు నోరు తెరిచేలోపే, "మీరు నిశ్చింతగా పోయి రండి మేడమ్. మీ చెట్లకు నాది పూచీ" అనేశాను. మా దుకాణంలో పూచీ అనే మాట వాడకూడదని సేటు రూలు. ఆమె వెళ్ళాక ఆ సంగతి నాకు గట్టిగానే గుర్తుచేశాడు.

ఆమె ఉండే క్వార్టరు పాతకాలపు రాతి కట్టడం, పైన డాబా. తలుపులకు, తీస్తే పసిగట్టే అయస్కాంతం ముక్కలు, హాల్లో మనిషి కదిలితే కనిపెట్టే కన్ను, కార్డుల గదిలో పొగ డబ్బా పెట్టాను. వీటన్నిటి వైర్లూ వచ్చి చేరే పెట్టెను కార్డుల గది గోడకే బిగించాను. సైరను మాత్రం బయట, ఎదురుగా ఉన్న బాయ్స్ హాస్టల్‌కు వినపడేలా పిట్టగోడకు అవతలి వైపు పెట్టాలనుకున్నాను. టీవీ యాంటెనా తీగ కోసం గది కప్పులో ఎప్పుడో వేసిన గొట్టం ఒకటి ఉంది. దాంట్లోంచి నా వైరు డాబా మీదికి సులువుగా వచ్చింది. ఇక పిట్టగోడ దాటించాలి. అది రాయి. ఒక డ్రిల్లు బిట్టు విరిగింది. రెండోది కూడా విరిగింది. ఎండ మాడుస్తోంది. అప్పుడు నా కళ్ళు పిట్టగోడ అడుగున ఉన్న వాననీళ్ళ తూము మీద పడ్డాయి. చక్కగా గుండ్రంగా, ఎవరో నాకోసమే చేసిపెట్టినట్టుంది. వైరును అందులోంచి తోసి కిందికి దించి, కుర్చీ వేసుకుంటే అందే ఎత్తులో సైరను బిగించాను. ఎలుకలు కొరకకుండా చుట్టూ సిమెంటు పూసి నున్నగా మెత్తాను. డాబాకు ఇంకో మూల ఇంకో తూము ఉందిలే అనుకున్నాను. దానిమీద వేపచెట్టు వంగి ఉందని, అది ఏటా ఆకులతో పూడుకుపోతుందని నాకు తట్టలేదు. కిందికి దిగి, నా పనితనాన్ని నేనే మెచ్చుకుని, హాస్టల్ ముందు బండి దగ్గర చాయ్ తాగాను.

అలారం మోగడం మూడో రోజునే మొదలైంది. మేడమ్ ఇంట్లో పనిచేసే అక్క ఆమెకు తలంటి, జుట్టుకు సాంబ్రాణి పొగ వేసింది. సైరను లేచింది. హాస్టల్ నుంచి ముప్పైమంది క్రికెట్ బ్యాట్లు, హాకీ కర్రలతో పరిగెత్తుకొచ్చారు. తలకు తువ్వాలు చుట్టుకున్న మేడమ్ గుమ్మంలో నిలబడి అందరికీ దండం పెట్టి పంపించింది. వారం తిరక్కుండానే కదలికల్ని చూసే కన్ను మీదికి ఒక బల్లి వచ్చి కూర్చుంది. ఈసారి పదిమంది వచ్చారు. ఆ తర్వాత ఈదురుగాలికి పరదా ఊగితే ఇద్దరే వచ్చారు. అందులో ఒకడు, "మేడమ్, చాయ్ ఉన్నదా?" అని అడిగాడు.

మేడమ్ నవ్వి వాడికి చాయ్ పోసింది. నాకే తల కొట్టేసినట్టయింది. పక్క క్వార్టర్‌లో యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసే పెద్దాయన ఒకరుండేవారు. గుంటూరు వైపు మనిషి, మాట తూచినట్టు మాట్లాడతారు. మేమంతా లైబ్రరీ సార్ అనేవాళ్ళం. ఆయన గోడ మీంచి నన్ను పిలిచి, "బాబూ, మీ యంత్రం నిజం చెప్పే రోజు ఏదైనా ఉందా అండీ?" అని అడిగారు. వెటకారం లేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగారు. అదే ఇంకా బాధ.

ఆ బాధలో నేను మూడు పనులు చేశాను. ఒకటి, సైరను నోట్లో పాత గుడ్డ కుక్కి మోత తగ్గించాను. రెండు, అలారాన్ని ఆపే తాళంచెవి లైబ్రరీ సార్ చేతిలో పెట్టి, "మోగితే వరండాలో ఉన్న ఈ స్విచ్చి తిప్పెయ్యండి సార్, తర్వాత తీరిగ్గా నాకు ఫోన్ చెయ్యండి" అన్నాను. మూడో పని చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఒక తెల్లకాగితం మీద నా సొంత దస్తూరీతో 'సైరన్ మోగిన యెడల ఎవరూ కంగారు పడవద్దు' అని రాసి, మా దుకాణం స్టాంపు కొట్టి, గేటుకు అంటించాను. డబ్బిచ్చి సైరను పెట్టించుకున్న ఇంటికి ఆ కాగితం అంటించినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయివుంటాను.

ఆగస్టు మొదట్లో మేడమ్ వెళ్ళిపోయింది. వెళ్తూ ఇంటి తాళం పనిచేసే అక్కకు ఇచ్చింది. అక్క లాలాగూడ నుంచి వచ్చేది, హాస్టల్ వంటగదిలో కూడా పనిచేసేది. నేను బస్‌స్టాపు దాకా మేడమ్ సంచి మోశాను. "భయం లేదు గద తమ్మీ?" అని అడిగింది. లేదన్నాను.

మూడో వారంలో ముసురు పట్టింది. శుక్రవారం మొదలైన వాన ఆదివారం పొద్దున గట్టిగా దంచింది. ఆదివారం మాకు ఒక పూటే పని. మధ్యాహ్నం కాబోతుంది, తాళం వేద్దామనుకుంటుంటే ఫోను మోగింది. లైబ్రరీ సార్.

"బాబూ, పదకొండున్నరకు మీ సైరన్ మోగింది. నేను తిప్పాను, ఆగింది. పన్నెండింటికి పది నిమిషాల ముందు మళ్ళీ మోగింది. తిప్పాను, ఆగింది. ఇప్పుడు తిప్పినా ఆగడం లేదు."

వెనకాల గుడ్డ కుక్కిన నా సైరను మూలుగు వినిపిస్తూనే ఉంది. నాకు ఒళ్ళు మండింది. బల్లో, పరదానో, ఇంకేదో. ఆకలి కూడా వేస్తోంది.

"సార్, మీ ఇంట్లో కత్తెర ఉందా?"

"ఉందండి."

"పిట్టగోడ కింద సైరను పక్కన ఎర్ర వైరు కనబడుతుంది. కుర్చీ వేసుకుని దాన్ని కత్తిరించెయ్యండి. రేపొచ్చి చూస్తాను."



"మన్నించండి. పరాయివాళ్ళ వస్తువు కత్తిరించే అలవాటు నాకు లేదు. మీ వైరు మీరే వచ్చి కత్తిరించుకోండి" అని ఫోను పెట్టేశారు.

నేను ఆ పెద్దమనిషిని దారి పొడవునా తిట్టుకుంటూ స్కూటర్ నడిపాను. తార్నాక నుంచి క్యాంపస్ లోపలికి ఎంత దూరమని, అయినా మోకాళ్ళ దాకా తడిశాను. జేబులో కటింగ్ ప్లయరు పెట్టుకునే వెళ్ళాను. గేటు తీయగానే చేసే పని వైరు కత్తిరించి ఇంటికి పోవడం. ఆయన గనక నా మాట విని ఉంటే నేను ఇంటికెళ్ళి భోంచేసి పడుకునేవాణ్ణి. మర్నాడు వెళ్ళేవాణ్ణో లేదో కూడా చెప్పలేను. ఇప్పటికీ ఆ ఆలోచన వస్తే నాకు చెమటలు పడతాయి.

వెళ్ళేసరికి అక్క కూడా అక్కడే ఉంది. ఇంటి తాళం కోసం లైబ్రరీ సార్ ఆమెను వంటగది నుంచి పిలిపించారు. నేను కుర్చీ లాక్కుని, ప్లయరు తీసి, ఎర్ర వైరు పట్టుకున్నాను.

"ఆగు తమ్మీ" అంది అక్క. "గడప కింద చూడు. నీళ్లు లోపట్నుంచి బయటికొస్తున్నయేంది?"

తలుపు తీశాం. హాల్లో నీళ్ళు కాళ్ళను తాకాయి. కార్డుల గదిలోకి పరిగెత్తాం. కప్పులోని యాంటెనా గొట్టం లోంచి నీళ్ళు ధార కట్టి, నా వైరు పట్టుకుని దిగి, నా పెట్టెలో దూరుతున్నాయి. పెట్టె తడిసి పిచ్చెత్తి మోగుతోంది. దాన్నుంచి పొంగిన నీళ్ళు గోడ వెంబడి బీరువా అరల్లోకి దిగి బూట్ల డబ్బాల మీద పడుతున్నాయి. నీళ్ళను పసిగట్టమని నేను దానికి నేర్పలేదు. దొంగకూ నిప్పుకూ తప్ప అది దేనికీ పనికిరాదు. అయినా తాను పాడైపోతూ అరిచింది, నేనేమో దాని నోట్లో గుడ్డ కుక్కాను.

డాబా ఎక్కాను. అక్కడ చెరువే ఉంది. వేపాకులతో పూడుకున్న తూము ఒకటి, నా సిమెంటుతో పూడుకున్న తూము ఒకటి. యాంటెనా గొట్టం మూతి డాబా మీద నాలుగు వేళ్ళ ఎత్తుంటుంది. నీళ్ళు ఆ ఎత్తు దాటి లోపలికి దిగాయి. చేతులతో ఆకులు తోడి పోశాను. స్క్రూడ్రైవరు పెట్టి నా సిమెంటును నేనే కుళ్ళగించాను. గుడగుడమంటూ నీళ్ళు పోతుంటే ఆ వానలో కూలబడి ఏడ్చాను. వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు, అక్కకు తప్ప.

"ఏడుస్తె ఆరుతయా?" అంది మెట్ల మీద నిలబడి. "లెవ్వు. మనుషుల్ని పిలువాలె."

నలభై డబ్బాలకు పైనే ఉన్నాయి. తడిసినవి పాతిక దాకా. ముగ్గురం ఏం చేస్తాం? ఎదురుగా హాస్టల్లో ఇన్ని వందలమంది ఉన్నారు, అరగంట నుంచీ సైరను మోగుతున్నా ఒక్కడూ గేటు దాటలేదు. కంగారు పడవద్దని నేనే రాసి పెట్టాను కదా. పైగా ఆదివారం మధ్యాహ్నం, మెస్సులో చికెన్ పెట్టే వేళ. అక్క కొంగు నడుముకు దోపుకుని వానలోనే హాస్టల్ మెస్సు గుమ్మం దాకా పోయి ఒక్క కేక వేసింది.

"మేడమ్ చెట్లు మునుగుతున్నయ్! తినుడు బందువెట్టి రాండ్రి!"

సైరన్లు బిగించిన అనుభవంతో చెబుతున్నాను, అలాంటి కేక నేను ఏ కంపెనీ డబ్బాలోనూ వినలేదు. యాభైమంది వచ్చారేమో. చేతులు కడుక్కోని వాళ్ళు కూడా ఉంటే లైబ్రరీ సార్ గేటు దగ్గర నిలబడి, "చేతులు కడుక్కుని రావాలి, కార్డులకు నూనె అంటరాదు" అని వెనక్కి పంపారు. అప్పటిదాకా నిమ్మళంగా కనిపించిన మనిషి ఒక్కసారిగా దండు నడిపేవాడైపోయారు. బతుకంతా కార్డుల సొరుగుల మధ్య గడిపినవారు మరి. డబ్బా డబ్బాకూ అంకె వేయించారు. గొడుగుల కింద వరసలో నిలబడి చేతులు మార్చుకుంటూ డబ్బాలన్నీ మెస్సు హాలుకు చేర్చారు పిల్లలు. పొడుగాటి భోజనాల బల్లల మీద పాత పేపర్లు పరిచి, ఫ్యాన్లన్నీ వేసి, ఒక్కో కార్డునూ విడదీసి పరిచాం. కొందరు గదుల్లోంచి ఇస్త్రీపెట్టెలు తెచ్చారు. ఒకడు చపాతీల పెనం మీద ఆరబెడతానంటే వంటాయన అట్లకాడ చూపించాడు.

చాలా కార్డులకు ఏమీ కాలేదు. మేడమ్ పెన్సిల్‌తో రాసింది, పెన్సిల్ గీత నీళ్ళకు పోదు. గుండె కుదుటపడుతుండగా కింద అరలోని డబ్బాలు వచ్చాయి. అవి మొదటి రెండేళ్ళవి. వాటిల్లో బొమ్మలు పెన్సిల్‌వే, పేర్లు మాత్రం సిరాతో రాసి ఉన్నాయి. బొమ్మ ఎక్కడిదక్కడ ఉంది. దాని కింద పేర్లుండాల్సిన చోట నీలం మరక. నూటికి పైగా కార్డులు అలాగే ఉన్నాయి. ఈ పేర్లు చెప్పిన ముసలమ్మలల్ల సగం మంది పోయిన్రు అన్న మాట నా చెవుల్లో తిరిగింది. నాది పూచీ అన్న మాట కూడా.

అప్పుడు నల్లగొండ వైపు కుర్రాడొకడు ఒక కార్డు మీదికి వంగాడు. సన్నాకులు, ముళ్ళు, వంకర కాయలు.

"ఇది సర్కారు తుమ్మ గాదురా?"

"మా వైపు ఇంగ్లీషు తుమ్మ అంటారు" అన్నాడు పక్కనున్న ఒంగోలు వాడు.

"జపాన్ తుమ్మ అంటరు మా ఊర్లె" అన్నాడు ఇంకొకడు.

"సర్కారొకటి, ఇంగ్లీషొకటి, జపానొకటి. మన తుమ్మ మనకు లేకపాయె" అని ఎవడో అంటే హాలంతా ఘొల్లుమంది. ఎవరి పేరు సరైనదో తేల్చమని లైబ్రరీ సార్ దగ్గరికెళ్ళారు. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని తీర్పు చెప్పారు.

"మూడూ రాయండి. ఏ ఊళ్ళో ఏమంటారో రాయండి. 'చెప్పినవారు' దగ్గర మీ పేరు రాయండి. పెన్సిల్‌తోనే సుమా. పాత కార్డు మీద మాత్రం ఎవరూ చెయ్యి పెట్టకండి, కొత్త కాగితం రాసి దానికి జత చెయ్యండి."

ఇక చూడండి సంబరం. ఇన్నాళ్ళూ ఫార్ములాలు బట్టీపట్టే పిల్లలు, ఇంగ్లీషు రాదని క్లాసులో నోరెత్తని పిల్లలు, బల్లబల్లకూ తిరిగి పేర్లు చెబుతున్నారు. ఒకడు బుడ్డకాశ అంటాడు, ఇంకొకడు బుసరకాయ అంటాడు, దాన్ని నుదుటి మీద టప్పుమని ఎలా పగలగొట్టేవాళ్ళో ఇద్దరూ చేసి చూపిస్తారు. కామంచి అని ఒకడు రాస్తే, "కాశపండ్లు తెల్వదా నీకు?" అని ఇంకొకడు కొట్టినంత పనిచేస్తాడు. ఎవరికీ తెలియని బొమ్మలు అరవై దాకా మిగిలాయి. అవి ఒకచోట పేర్చారు.

అక్క చాయ్ గ్లాసులు పంచుతూ ఆ బల్ల దగ్గర ఆగింది. ఎడమచేత్తో ఒక కార్డు తన వైపు తిప్పుకుంది.

"ఇది ఉత్తరేణి. పండ్లు తోముకుంటం. ఇది గునుగు, బతుకమ్మల పెడ్తం. ఇది నల్లేరు, ఇరిగిన బొక్కకు కడ్తరు..."

ఆమె ఆగకుండా చెప్పుకుపోతుంటే ఇద్దరు పిల్లలు రాయలేక చేతులు విదుల్చుకున్నారు. మధ్యలో ఆమే ఆగి నవ్వింది. "ఎనిమిదేండ్ల సంది గీ డబ్బాల మీద దుమ్ము దులుపుతున్న. లోపల ఏమున్నదో ఎన్నడు తెరిచి సూడలె. గివన్ని నాకు తెలిసినయే!" అంది. ఆమెకు చదువు రాదు. సాయంత్రానికి ఆ అరవైలో నాలుగో అయిదో తప్ప అన్నిటికీ పేర్లొచ్చాయి. ఆమె పేరు ఇక్కడ రాయను గానీ, ఆ కాగితాల మీద వరసగా ఉంది.

మర్నాడు మా సేటుకు అంతా చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "తూము సంగతి మాత్రం నోట్లకెళ్లి రానియ్యకు. వానొచ్చింది, కప్పు కారింది, అంతే. నీ నౌకరీ, నా దుకాణం రెండూ ఖరాబైతయి" అన్నాడు. చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. రెండు రోజులు సెలవు పెట్టి ఆ రాతి గోడకు కన్నం వేసి, వైరును తూము నుంచి తప్పించాను. నాలుగు బిట్లు విరిగాయి. విరిగిన ప్రతిదానికీ నాకు తగిన శాస్తి అనుకున్నాను. సైరను నోట్లో గుడ్డా తీసేశాను, గేటు మీది కాగితమూ చించేశాను.

మేడమ్ సెప్టెంబరులో వచ్చింది. ఎండకు నల్లబడింది, బూట్లు చిరిగాయి, మనిషి మాత్రం హుషారుగా ఉంది. లైబ్రరీ సార్, అక్క, నేను హాల్లో నిలబడ్డాం. కార్డులన్నీ వరస తప్పకుండా బల్ల మీద ఉన్నాయి. లైబ్రరీ సార్ వాన గురించి క్లుప్తంగా చెప్పారు. నా సంగతి ఆయన చెప్పలేదు. అది నాకు వదిలేశారు.

ఆమె మొదటి నీలం మరక చూసి కుర్చీలో కూర్చుండిపోయింది. దానికి జతచేసిన కాగితం చూసింది. తర్వాతి కార్డు. ఆ తర్వాతిది. సర్కారు తుమ్మ దగ్గర చిన్నగా నవ్వింది. ఆఖరి కట్ట తీసి 'చెప్పినవారు' గడి చూస్తూ ఒక్కొక్క కాగితమే తిప్పుతుంటే ఆమె చెయ్యి నెమ్మదించింది. ఒకే పేరు. మళ్ళీ అదే పేరు. తలెత్తి అక్కను చూసింది.

"నేను బస్సులెక్కి ఎక్కడెక్కడనో తిరిగిన. నిన్నెన్నడు అడగనే లేదు" అంది.

"నువ్వడిగితే గద నేను చెప్తుంటి" అంది అక్క, ఆమె భుజం మీద చెయ్యేసి.

ఇక నా వల్ల కాలేదు. "మేడమ్, కప్పు ఊరికే కారలేదు. నీళ్ళు పోయే తూములో వైరు వేసి సిమెంటు పెట్టింది నేనే. మోగుతుంటే వైరు కత్తిరించమని చెప్పింది కూడా నేనే. మీ పేర్లు పోయింది నా వల్ల" అన్నాను. ఉద్యోగం పోయినా సరే అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఉద్యోగం కంటే ఆమె ముఖం చూడడమే కష్టంగా ఉంది.

ఆమె ఒక పాత కార్డు చేతిలోకి తీసుకుని ఆ నీలం మరకను వేలితో నిమిరింది.

"బాటనీల మొదటి దినం నేర్పేది ఏందో తెలుసా తమ్మీ? సిరతోని రాయొద్దని. నా స్టూడెంట్లకు ఏటేటా చెప్త. కొత్తల అందంగ ఉంటదని కొత్త పెన్నుతోని రాసిన. తూము తప్పు నీది, సిర తప్పు నాది. కోపం ఎవరిమీద రావాలె నాకు?"

ఆమె సంచిలోంచి ఖాళీ కార్డొకటి తీసింది. పెన్సిల్‌తో చకచకా బొమ్మ గీసింది. నేలమీద పాకే ఆకులు, మధ్యలోంచి నిటారుగా లేచిన పొడుగాటి కాడ, దాని చివర చిన్న పువ్వు.

"అందరు చెప్పిన్రు. నువ్వొక్క పేరు గూడ చెప్పలె ఎందుకు?"

"నాకు ఊరు లేదు మేడమ్. మా నాయనకు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పని. నేను పట్టాల పక్కన క్వార్టర్లలో పుట్టాను, మాకు చెట్లేం తెలుస్తాయి?"

"పట్టాల పక్కన గిది మొలువదా?"

చూశాను. ఎందుకు మొలవదు? కంకర సందుల్లో అంతా అదే. దాన్ని పుస్తకాల్లో గడ్డిచేమంతి అంటారని తర్వాత తెలిసింది. మేం పిల్లలం ఆ కాడను వేలితో కొట్టేవాళ్ళం. పువ్వు టక్కున వాలిపోయేది. రైలు వచ్చే ముందు సిగ్నల్ చెయ్యి వాలినట్టే. వాల్చినవాడు కూత వెయ్యాలి, మిగతావాళ్ళు రైలై పరిగెత్తాలి.

"సిగ్నల్ పువ్వు" అన్నాను. "మేం సిగ్నల్ పువ్వు అనేవాళ్ళం."

లైబ్రరీ సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అక్క ఫక్కున నవ్వింది. మేడమ్ నవ్వలేదు, శ్రద్ధగా రాసుకుంది. సిగ్నల్ పువ్వు, రైల్వే క్వార్టర్లు, లాలాగూడ. తర్వాత 'చెప్పినవారు' దగ్గర పెన్సిల్ ఆపి, ఇంటిపేరుతో సహా చెప్పమంది. చెప్పాను. నా వల్ల మునిగిన ఆ చెట్ల మధ్య నా పేరు ఇప్పటికీ ఉంది. పెన్సిల్‌తో రాసింది, నీళ్ళు పడినా పోదు.